'ఇంగ్' అంటే బెంగా? మన 'డం' ఉందిగా!

ఇంగ్లిష్ మాట్లాడేటప్పుడు నాలుక తడబడేది పెద్ద పెద్ద పదాల దగ్గర కాదు. 'టు', 'ఫర్', 'ఎట్' లాంటి బుల్లి మాటల పక్కన 'ఇంగ్' పెట్టాలా వద్దా అన్న దగ్గర! ఆ చిక్కుముడిని విప్పే కొస గ్రామర్ పుస్తకంలో కన్నా ముందు మన ఇంటి తెలుగులోనే ఉంది.

తెల్లారగానే నాన్న 'వాకింగ్‌కి' వెళతారు. అన్నయ్య ఫోన్ 'చార్జింగ్‌లో' పెడతాడు. చెల్లి 'కోచింగ్ నుంచి' ఇంకా రాలేదు. పక్కింటాయన కారు 'పార్కింగ్‌లో' ఇరుక్కుంది. 'షాపింగ్ కోసం' వచ్చే వారం దాకా ఆగుదామంటుంది అమ్మ. బాబాయికి ఫోన్ చేస్తే 'మీటింగ్‌లో' ఉన్నానంటాడు.

లెక్కపెట్టండి... ఒకే ఇంట్లో, ఒకే రోజులో ఆరు 'ఇంగ్'లు! అన్నిటికీ వెనక కి, లో, నుంచి, కోసం... ఇలా ఏదో ఒక విభక్తి. ఇంగ్లిష్ బొత్తిగా రాని బామ్మ కూడా వీటిని తడుముకోకుండా వాడేస్తుంది. 'మనవడు కోచింగ్‌లో చేరాడు' అంటుందే గానీ 'కోచ్‌లో చేరాడు' అనదు.

అదే ఇంట్లో డిగ్రీ పూర్తిచేసిన కుర్రాడు ఉద్యోగానికి దరఖాస్తు రాస్తుంటాడు. చివరి వాక్యం దగ్గర చెయ్యి ఆగిపోతుంది. 'ఐయామ్ లుకింగ్ ఫార్వర్డ్ టు మీట్ యూ' అనాలా? 'టు మీటింగ్ యూ' అనాలా? 'టు' తర్వాత 'ఇంగ్' రాదని ఎప్పుడో బళ్లో చెప్పినట్టు గుర్తు. 'మీట్' అనే రాసి పంపేస్తాడు. కానీ అక్కడ ఉండాల్సింది 'మీటింగ్'!

ఒక్క 'ఇంగ్' తగ్గినంత మాత్రాన ఉద్యోగం పోతుందా అంటే... పోకపోవచ్చు. కానీ ఇలాంటి చోట రెండుసార్లు తడబడి, ఎదుటివాళ్లు నవ్వడం చూసిన కుర్రాడు మూడోసారి నోరు విప్పడు. గ్రూప్ డిస్కషన్‌లో చెప్పాల్సిన మాట గొంతులోనే ఉండిపోతుంది. అసలు నష్టం అదీ. అందులోనూ 'నేను తెలుగు మీడియం కదా, అందుకే రాదు' అని తన భాష మీదే నింద వేసుకుంటాడు. నిజానికి ఈ విషయంలో అతనికి దారి చూపించేది ఆ తెలుగే!

మనకు వెనక... వాళ్లకు ముందు

'ఆమె వంటలో దిట్ట' అంటాం. అదే క్రియతో చెప్పాల్సి వస్తే 'వండటంలో దిట్ట' అంటాం. 'వండులో దిట్ట' అని పొరపాటున కూడా అనం. ఎందుకని? 'లో' అనే విభక్తి నామవాచకానికే అతుకుతుంది. 'వండు' క్రియ. దానికి 'లో' తగిలించాలంటే ముందు దాన్ని నామవాచకంగా మార్చుకోవాలి. ఆ పని చేసిపెట్టేదే 'డం' (కొన్నిచోట్ల 'టం').

ఇంగ్లిష్‌లో జరిగేదీ అచ్చంగా ఇదే. 'గుడ్ ఎట్ కుక్' అనరు, 'గుడ్ ఎట్ కుకింగ్' అంటారు. 'ఎట్' పక్కన నామవాచకం కావాలి. 'కుక్' అనే క్రియను నామవాచకంగా మార్చేది 'ఇంగ్'. అంటే ఇక్కడ వాళ్ల 'ఇంగ్'... మన 'డం'! తేడా ఒక్కటే. మన విభక్తి మాట వెనక నిలబడుతుంది. వాళ్లది మాట ముందు నిలబడుతుంది. 'ప్రిపోజిషన్' అన్న పేరులోని 'ప్రి'కి అర్థం ముందు అనేగా!

ఇంకొన్ని చూడండి.

'వెళ్లడానికి ముందు' - బిఫోర్ గోయింగ్.
'కొనడానికి బదులు' - ఇన్‌స్టెడ్ ఆఫ్ బయింగ్.
'సాధన చేయడం ద్వారా' - బై ప్రాక్టీసింగ్.
'ఇల్లు మారడం గురించి' - అబౌట్ షిఫ్టింగ్ ది హౌస్.
'నేర్చుకోవడంలో ఆసక్తి' - ఇంట్రెస్ట్ ఇన్ లెర్నింగ్.

తెలుగులో 'డం' ఉన్న ప్రతిచోటా ఇంగ్లిష్‌లో 'ఇంగ్' వచ్చి కూర్చుంది చూశారా! అలాగని తెలుగులో ఎప్పుడూ 'డం' మాత్రమే ఉండదు. 'చెప్పకుండా వెళ్లాడు', 'వచ్చినందుకు థాంక్స్', 'తిన్నాక పడుకున్నాడు' అని మనం రకరకాల రూపాలు వాడతాం. అన్నిటికీ వాళ్లు వాడేది మాత్రం ఆ ఒక్క 'ఇంగ్'నే. వితౌట్ టెల్లింగ్, ఫర్ కమింగ్, ఆఫ్టర్ ఈటింగ్... అంతే. ఈ లెక్కన చూస్తే మన తెలుగే కష్టం, ఇంగ్లిషే తేలిక!

సూత్రం ఒక్క ముక్కలో చెప్పాలంటే... ప్రిపోజిషన్ తర్వాత క్రియ వస్తే దానికి 'ఇంగ్' తగిలించాలి. 'బట్' లాంటి ఒకటి రెండు మినహాయింపులున్నా, రోజువారీ మాటల్లో ఈ సూత్రం దాదాపు ఎక్కడా మోసం చేయదు.

నిద్రపోయే మాత్ర!

మరి 'ఇంగ్' అంటే 'తున్న', 'తూ' కదా... 'డం' ఎలా అయిందన్న సందేహం రావచ్చు. న్యాయమైన సందేహమే.

'స్లీపింగ్ బేబీ' అంటే నిద్రపోతున్న పాప. మరి 'స్లీపింగ్ పిల్'? నిద్రపోతున్న మాత్ర కాదు, నిద్రపోవడానికి వేసుకునే మాత్ర! మొదటిదాన్ని ప్రెజెంట్ పార్టిసిపుల్ అంటారు. రెండోదాన్ని జెరండ్ అంటారు. చూడ్డానికి కవలల్లా ఉంటాయి గానీ పనులు వేరు.

ఒకప్పుడు వీటి రూపాలు కూడా వేరుగానే ఉండేవి. సుమారు వెయ్యేళ్ల కిందటి ఇంగ్లిష్‌లో 'తున్న' అనే అర్థానికి 'ఎండె' లాంటి తోక, 'డం' అనే అర్థానికి 'ఉంగ్' లేదా 'ఇంగ్' అనే తోక ఉండేవి. తర్వాతి శతాబ్దాల్లో పలకడంలో రెండూ దగ్గరై చివరికి 'ఇంగ్' అనే ఒక్క తోకే మిగిలింది. తెలుగులో అలా కలిసిపోలేదు. 'పాడుతూ', 'పాడుతున్న', 'పాడటం'... వేటికవే విడివిడిగా ఉన్నాయి. కాబట్టి ఇంగ్లిష్ వాక్యంలో 'ఇంగ్' ఏ పని చేస్తోందో తేల్చుకోవాలంటే తెలుగులోకి మార్చి చూస్తే చాలు. గుట్టు బయటపడిపోతుంది.

రెండు 'టు'ల నాటకం

ఇక దరఖాస్తులో కుర్రాణ్ని ఇబ్బంది పెట్టిన 'టు' దగ్గరికొద్దాం. ఇంగ్లిష్‌లో 'టు'లు రెండున్నాయి. ఒకటి క్రియకు ముందు వచ్చే ఉత్త గుర్తు. 'ఐ వాంట్ టు మీట్ యూ'లో ఉన్నది అదే. రెండోది అసలుసిసలు ప్రిపోజిషన్. మన 'కి', 'కు' లాంటిది. మొదటిదాని పక్కన 'ఇంగ్' రాదు. రెండోదాని పక్కన రాక తప్పదు.

ఏది ఏదో ఎలా తెలుస్తుంది? చిన్న కిటుకుంది. 'టు' తర్వాత క్రియను తీసేసి, అక్కడ 'యువర్ రిప్లై' లాంటి నామవాచకాన్ని పెట్టి చూడండి. 'లుకింగ్ ఫార్వర్డ్ టు యువర్ రిప్లై'... చక్కగా అతికింది. అంటే అది ప్రిపోజిషన్. కాబట్టి 'టు మీటింగ్ యూ' అనాలి. అదే 'ఐ వాంట్ టు యువర్ రిప్లై' అనండి... అతకలేదు. కాబట్టి 'టు మీట్' చాలు.

ఇంకో గమ్మత్తు చూడండి. 'ఐ యూజ్డ్ టు గెట్ అప్ ఎట్ ఫైవ్' అంటే ఒకప్పుడు అయిదింటికి లేచేవాణ్ని అని. ఇప్పుడు లేవడం లేదన్న ధ్వని అందులో ఉంది. 'ఐయామ్ యూజ్డ్ టు గెటింగ్ అప్ ఎట్ ఫైవ్' అంటే అయిదింటికి లేవడం నాకు అలవాటే అని. షిఫ్టుల్లో పనిచేసే కంపెనీ ఇంటర్వ్యూలో ఈ రెండూ తారుమారైతే అర్థమే తిరగబడుతుంది! ఇక్కడా తెలుగే గుర్తు. 'లేచేవాణ్ని'లో 'డం' లేదు, అక్కడ 'ఇంగ్' లేదు. 'లేవడం'లో 'డం' ఉంది, అక్కడ 'ఇంగ్' ఉంది.

'అబ్జెక్ట్ టు', 'కమిటెడ్ టు', 'ఇన్ అడిషన్ టు', 'విత్ ఎ వ్యూ టు'... వీటిలో ఉన్నవీ ప్రిపోజిషన్ 'టు'లే. వీటి పక్కన క్రియ వస్తే 'ఇంగ్' ఉండాల్సిందే.

చూడటం వేరు... చూసుకోవడం వేరు

ఇప్పటిదాకా ప్రిపోజిషన్ ముందు, 'ఇంగ్' వెనక. కొన్నిచోట్ల ఇది తిరగబడుతుంది. 'ఇంగ్' ముందుంటుంది, ప్రిపోజిషన్ వెనకొచ్చి అర్థాన్ని మార్చేస్తుంది.

'లుకింగ్ ఎట్' అంటే చూడటం. 'లుకింగ్ ఫర్' అంటే వెతకడం. 'లుకింగ్ ఆఫ్టర్' అంటే బాగోగులు చూసుకోవడం. 'లుకింగ్ ఇన్‌టు' అంటే ఆరా తీయడం. మాట అదే, వెనకున్న చిన్న ముక్క మారితే కథే మారిపోతుంది.

ఇదేదో మనకు తెలియని విద్య అనుకోకండి. 'కొడుకు అమ్మను చూస్తున్నాడు', 'కొడుకు అమ్మను చూసుకుంటున్నాడు'... ఈ రెండు వాక్యాల మధ్య ఎంత దూరం ఉందో ప్రతి తెలుగింటికీ తెలుసు! మనం క్రియకు 'కొను' చేర్చి చేసే పనిని వాళ్లు 'ఆఫ్టర్' చేర్చి చేస్తున్నారు. అందుకే 'లుక్' అనే మాటను విడిగా కాకుండా, వెనకున్న ప్రిపోజిషన్‌తో కలిపి ఒకే మాటగా నేర్చుకోవాలి.

తెలుగు తొంగిచూసే చోటు

తెలుగు అన్నిచోట్లా సాయపడుతుందనుకుంటే మాత్రం పొరపాటే. ఒక్కచోట అది అడ్డొస్తుంది కూడా.

'సినిమా గురించి చర్చిస్తున్నాం' అంటాం. ఆ 'గురించి'ని వదల్లేక 'డిస్కసింగ్ అబౌట్ ది ఫిల్మ్' అంటాం. కానీ 'డిస్కసింగ్ ది ఫిల్మ్' చాలు. ఆ క్రియలోనే 'గురించి' ఇమిడి ఉంది. 'మీ జవాబు కోసం ఎదురుచూస్తున్నాం' అనే మాటలోని 'కోసం' ప్రభావంతో 'అవెయిటింగ్ ఫర్ యువర్ రిప్లై' అని రాస్తాం. 'అవెయిటింగ్'కు 'ఫర్' అక్కర్లేదు, 'వెయిటింగ్'కు కావాలి. 'గదిలోకి వస్తూ' అనబోయి 'ఎంటరింగ్ ఇన్‌టు ది రూమ్' అంటాం. 'ఎంటరింగ్ ది రూమ్' అంటే సరిపోతుంది. ఒప్పందం కుదుర్చుకునేటప్పుడు మాత్రం 'ఎంటరింగ్ ఇన్‌టు' అనడమే సరైనది. 'ఊరికి చేరుతున్నాం' అన్నప్పుడు 'రీచింగ్ టు' అనడమూ ఇలాంటిదే. అక్కడ 'టు' దండగ.

దీనికి పూర్తిగా వ్యతిరేకమైన తప్పూ ఉంది. 'పాటలు వింటున్నాను' అనే తెలుగు వాక్యంలో విభక్తి కనిపించదు. దాంతో 'లిజనింగ్ మ్యూజిక్' అనేస్తాం. అక్కడ 'టు' కావాలి. 'లిజనింగ్ టు మ్యూజిక్'.

అంటే ఏమిటన్నమాట? 'ఇంగ్' పెట్టాలా వద్దా అన్నది తెలుగును అడిగి తెలుసుకోవచ్చు. పక్కన ఏ ప్రిపోజిషన్ రావాలన్నది మాత్రం ఇంగ్లిష్‌నే అడగాలి. పేపరు చదువుతూ, వార్తలు వింటూ, జంటలు జంటలుగా పట్టుకోవాలి. ఈ హద్దు తెలిస్తే సగం తప్పులు వాటంతటవే తగ్గిపోతాయి.

క్రియ కాస్తా విభక్తి అయిపోతే...

కొన్ని 'ఇంగ్' మాటలు ఇంకో మెట్టు ఎక్కేశాయి. ప్రిపోజిషన్ పక్కన కూర్చోవడం మానేసి, తామే ప్రిపోజిషన్లు అయిపోయాయి! రిగార్డింగ్, కన్సర్నింగ్, ఇన్‌క్లూడింగ్, ఫాలోయింగ్, బారింగ్... అన్నీ ఆ బాపతే.

మనం రోజూ వాడే 'డ్యూరింగ్' సంగతే చూడండి. కొనసాగడం అనే అర్థమున్న 'డ్యూర్' అనే పాత క్రియకు అది 'ఇంగ్' రూపం. 'డ్యూరింగ్ ది మ్యాచ్' అంటే మొదట్లో 'మ్యాచ్ సాగుతుండగా' అన్నమాట. తర్వాత ఆ క్రియ వాడుకలోంచి తప్పుకుంది, తోకతో ఉన్న రూపం మాత్రం మిగిలిపోయింది. 'డ్యురేషన్', 'డ్యూరబుల్' దాని చుట్టాలే. ఒక్క జాగ్రత్త... 'డ్యూరింగ్' పక్కన నామవాచకమే బాగుంటుంది. 'డ్యూరింగ్ గోయింగ్ టు స్కూల్' అనకూడదు. 'వైల్ గోయింగ్ టు స్కూల్' అనాలి.

ఆఫీసుల్లో అందరి నోటా నానే 'పెండింగ్' కథ ఇంకా సరదాగా ఉంటుంది. దాని మూలంలో ఉన్న అర్థం వేలాడటం. ఉద్యోగిని 'పెండింగ్ ఎంక్వైరీ' సస్పెండ్ చేశారంటే విచారణ తేలేదాకా అని. ఇక ఫైలు పెండింగ్‌లో ఉందంటే... నిజంగానే వేలాడుతోందన్నమాట!

ఇలాంటి వింత ఇంగ్లిష్‌కే సొంతమా? కానే కాదు. చిన్నప్పుడు బళ్లో వల్లెవేసిన విభక్తుల పట్టిక ఒకసారి గుర్తుచేసుకోండి. చిన్నయసూరి 'బాలవ్యాకరణం' 1858లో వచ్చింది. అప్పటి నుంచీ తరతరాలు బట్టీపట్టిన ఆ పట్టికలో ద్వితీయా విభక్తి కింద 'కూర్చి', 'గురించి' ఉంటాయి. పంచమి కింద 'పట్టి' ఉంటుంది. ఈ మూడూ ఏమిటి? 'కూర్చు', 'గురించు', 'పట్టు' అనే క్రియల రూపాలే! 'గురించి'లో 'గురి' ఉంది, చూశారా? ఒకదాని మీద గురిపెట్టి మాట్లాడితే అది దాని 'గురించి' మాట్లాడటం. 'వాన పడేదాన్ని బట్టి చూద్దాం' అన్నప్పటి 'బట్టి' కూడా ఆ 'పట్టి'యే.

అక్కడ 'రిగార్డింగ్' చేసిన పనే ఇక్కడ 'గురించి' చేసింది. అక్కడ 'డిపెండింగ్ ఆన్' చేసే పనే ఇక్కడ 'బట్టి' చేస్తోంది. సముద్రాల అవతల పుట్టిన భాష, కృష్ణా గోదావరుల నడుమ పెరిగిన భాష... ఒకదాన్నొకటి చూడకుండానే ఒకే దారిన నడిచాయి. క్రియను కొన్నాళ్లు వాడి వాడి, అరగదీసి విభక్తిగా మార్చుకున్నాయి.

వీటిలోనూ పొరపాట్లకు తావుంది. 'రిగార్డింగ్'లోనే 'గురించి' ఉంది కాబట్టి 'రిగార్డింగ్ టు' అనక్కర్లేదు. 'కంప్రైజింగ్' పక్కన 'ఆఫ్' వద్దు, 'కన్సిస్టింగ్' పక్కన కావాలి. 'అకార్డింగ్', 'ఓయింగ్' మాత్రం 'టు' లేనిదే అడుగు వేయవు.

కుక్క నడిచిందా... మనిషా?

'వాకింగ్ ఆన్ ది రోడ్, ఎ డాగ్ బిట్ మీ'... లీవ్ లెటర్లలో ఇలాంటి వాక్యం కనిపిస్తే ఆఫీసులో నవ్వులే నవ్వులు. ఎందుకంటే అందులో రోడ్డు మీద నడిచింది కుక్క! వాక్యం మొదట్లో 'ఇంగ్' వస్తే ఆ పని చేసేదెవరో కామా తర్వాత వెంటనే రావాలి. అక్కడేమో కుక్క వచ్చి కూర్చుంది. 'వైల్ ఐ వాజ్ వాకింగ్ ఆన్ ది రోడ్' అంటే ఏ గొడవా ఉండదు.

ఇదీ తెలుగుకు తెలిసిన సంగతే. 'నేను నడుస్తూ కుక్క కరిచింది' అంటే చెవికి ఎబ్బెట్టుగా ఉంటుంది. 'నేను నడుస్తుంటే కుక్క కరిచింది' అంటాం. రెండు పనులూ చేసేది ఒకరే అయితే 'తూ', ఇద్దరు వేరైతే 'తుంటే'. ఎవరూ నేర్పకుండానే నాలుగేళ్ల పాప కూడా ఈ తేడా పాటిస్తుంది.

అమ్మకు ఇంగ్లిష్ రాకపోయినా...

తెలంగాణ ప్రభుత్వ పాఠశాలల్లో 2022-23 నుంచి ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు ఇంగ్లిష్ మీడియం మొదలైంది. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలుగు మాట్లాడే ఇళ్ల నుంచి ఇంగ్లిష్ పాఠాలకు వెళ్లే పిల్లలు ఎందరో. వాళ్లలో చాలామంది ఇళ్లలో హోంవర్క్ చెప్పేవాళ్లు ఉండరు. 'మాకు ఇంగ్లిష్ రాదు, మేమేం చెప్తాం' అని అమ్మానాన్నలు పక్కకు తప్పుకుంటారు. ట్యూషన్ ఫీజు కట్టడం తప్ప తమ చేతిలో ఏమీ లేదనుకుంటారు.

అలా అనుకోనక్కర్లేదు. పిల్లాడు 'బిఫోర్ గో' అని రాసి సందేహంగా చూస్తే, 'ఆ మాట తెలుగులో ఎలా అంటావురా?' అని అడిగితే చాలు. 'వెళ్లడానికి ముందు' అంటాడు. 'వెళ్లు ముందు అనవు కదా, మరి అక్కడ మాత్రం ఎందుకలా రాశావు?' అన్న ప్రశ్న వేయడానికి ఏ డిగ్రీ అక్కర్లేదు. జవాబు వాడే వెతుక్కుంటాడు. రోజుకు అయిదు వాక్యాలు... ముందు తెలుగులో, తర్వాత ఇంగ్లిష్‌లో. 'ఇన్', 'ఎట్', 'ఫర్', 'వితౌట్', 'బై'... వీటిలో ఒక్కోదానితో ఒక్కో వాక్యం. నెల తిరిగేసరికి 'ఇంగ్' తనంతట తానే నాలుక మీదికి వస్తుంది.

పోటీ పరీక్షలకు చదివే పెద్ద పిల్లలకూ ఇదే మార్గం. సూత్రాలు వందసార్లు చదివినదానికన్నా తమ భాషలో ఆ సూత్రం ఎక్కడుందో ఒకసారి చూసుకున్నది ఎక్కువ కాలం నిలుస్తుంది. తెలుగు మీడియంలో చదివినవాళ్లు ఇంటర్వ్యూ గది ముందు కూర్చున్నప్పుడు తాము ఖాళీ చేతులతో వచ్చామనుకోవద్దు. ఒక భాష వ్యాకరణాన్ని నరనరానా ఎక్కించుకుని వచ్చారు. రెండో భాషకు పెట్టుబడి అదే.